జ్వరం దిగిన తర్వాత

విమర్శకుడు తన తప్పుతో వ్యాసం మొదలుపెట్టడం మన పత్రికల్లో ఆనవాయితీ కాదు. అయితే ఈ వ్యాసానికి మూలం ఆ తప్పే కనుక ముందుగా దాన్ని ఒప్పుకోవడం మంచిది.

1993లో ఒక రచయిత్రి మొదటి కథల సంపుటిని సమీక్షించాను. అందులో ఒక కథ 1957లో జరుగుతుంది. ఊరంతా జ్వరాలు. ఒక కూలి మనిషి జ్వరం దిగి నాట్లకు పోతుంది. నారుకట్టలు లెక్కపెడుతూ మధ్యలో మరిచిపోతుంది. మళ్లీ మొదటినుంచి లెక్కపెడుతుంది, మళ్లీ మరిచిపోతుంది. మేస్త్రీ నానా మాటలూ అంటాడు. ఆమె ఎదురు చెప్పదు, ఏడవదు, గట్టు మీద కూర్చుండిపోతుంది. కథ అక్కడితో ఆగిపోతుంది. శ్రామిక స్త్రీని రచయిత్రి జడపదార్థంగా చిత్రించిందనీ, పాత్రలో చైతన్యం మచ్చుకైనా లేదనీ, ఆ మౌనానికి కారణం చూపలేకపోవడం దృక్పథ లోపమనీ రాశాను. అప్పట్లో ఆ మాటలు నా చేతికి అలవాటైన మాటలు. రాయడానికి పెద్దగా ఆలోచించనక్కర్లేదు.

2021 మే నెలలో నాకు కోవిడ్ వచ్చింది. ఆక్సిజన్ దాకా పోలేదు. రెండు వారాల్లో దగ్గు తగ్గింది, రెండు నెలలకు వాసన తిరిగొచ్చింది. మూడో నెలలో పాఠం చెబుతున్నాను, అలంకారాలు. ఉపమ అయింది, రూపకం అయింది. ముప్పై ఏళ్లుగా వాటి తర్వాత చెబుతూ వస్తున్నది నోటికి రాలేదు. దాని లక్షణం తెలుసు, ఉదాహరణలు తెలుసు, పేరు లేదు. నాలుక కొసన ఉండి జారిపోవడం కాదు, ఆ చోట గోడ ఉన్నట్టు ఉంది. చివరికి ఒక అమ్మాయి 'ఉత్ప్రేక్ష సార్' అని అందించింది. ఆ తర్వాత ఏడాదిపాటు ఇదే వరస. ప్రూఫులు దిద్దుతూ ఒకే పేజీని మూడుసార్లు చదివి, చదివానో లేదో తెలియక కూర్చునేవాణ్ణి. డాక్టరుగారికి చెబితే నెత్తురు పరీక్షలూ ఛాతీ ఫోటో చూసి అన్నీ బాగున్నాయన్నారు. వయసు, కొంత భయం, పొద్దున్నే నడవండి అన్నారు.

నేను వైద్యుణ్ణి కాను. చరిత్ర తిరగేయడం మాత్రం కొంత వచ్చు. ఊపిరితిత్తులకు వచ్చిన జబ్బు మాట మీద చెయ్యి చేసుకోవడం ఇదే మొదటిసారా అని వెతకడం మొదలుపెట్టాను. మొదటిసారి కాదు. ప్రతిసారీ రాసి పెట్టారు, ప్రతిసారీ మరిచిపోయారు. ఎవరిది రాసి పెట్టారు, ఎవరిది మరిచిపోయారు అన్నదే అసలు చరిత్ర.

1889లో మధ్య ఆసియాలో మొదలై రష్యా మీదుగా యూరప్‌ను ముంచిన జ్వరాన్ని రష్యన్ ఫ్లూ అన్నారు. రైళ్లూ ఆవిరి ఓడలూ దాన్ని కొద్ది నెలల్లో ప్రపంచమంతా తిప్పాయి. లండన్‌లో జూలియస్ ఆల్తాస్ అనే వైద్యుడు 1892లో ఇన్‌ఫ్లుయెంజా మీద రాసిన పుస్తకంలో ఆ జ్వరం తర్వాత మిగిలే నాడీ బాధలకు పెద్దపీట వేశాడు: నిద్ర పట్టకపోవడం, తీరని అలసట, దిగులు, ఉన్మాదం. 1895లో ఇంగ్లండు ప్రధాని రోజ్‌బెరీకి ఫ్లూ వచ్చిపోయాక నెలల తరబడి నిద్రలేదు. ఆ సంగతి జీవిత చరిత్రల్లో వివరంగా ఉంది. ఉత్తర ఇటలీలో అదే కాలంలో మనుషుల్ని నిద్రలో ముంచేసే 'నోనా' అనే జబ్బు గురించి జనం చెప్పుకున్నారు. అది మాత్రం వదంతికీ వైద్యానికీ మధ్య ఎక్కడో మిగిలిపోయింది. రైతుల జబ్బుకు జీవిత చరిత్రలు ఉండవు కదా. ఇంకో విశేషం. ఆ 1889 జ్వరం అసలు ఫ్లూ కాకపోవచ్చునని ఇప్పుడు కొందరి అభిప్రాయం. ఇవాళ మామూలు జలుబు తెచ్చే ఒక కరోనావైరస్ పశువుల వైరస్ నుంచి చీలిన కాలం ఇంచుమించు 1890 అని 2005లో బెల్జియం శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. రుజువైన సంగతి కాదు, కొట్టిపారేయదగినదీ కాదు.

అసలు కథ వియన్నాలో ఉంది. 1916-17 చలికాలం. యుద్ధం మూడో ఏట పడింది. అక్కడి మానసిక వైద్యశాలకు వింత రోగులు రావడం మొదలైంది. అన్నం తింటూ ముద్ద నోట్లో ఉండగానే నిద్రపోయేవాళ్లు, తట్టి లేపితే జవాబు చెప్పి మళ్లీ నిద్రలోకి జారేవాళ్లు, కనుగుడ్లు కదపలేనివాళ్లు. ఇంకొందరు దీనికి పూర్తిగా తలకిందులు, రోజుల తరబడి కన్ను మూయలేక ఒళ్లు ఎగరవేస్తుండేవాళ్లు. ఒక్కొక్కరికి ఒక్కొక్క రోగం పేరు రాసి పంపారు. ఇవన్నీ ఒకే జబ్బు అని పట్టుకున్నవాడు కాన్‌స్టాంటిన్ వాన్ ఎకనమో. గ్రీకు సంతతివాడు, రుమేనియాలో పుట్టాడు, విమానాలు నడిపిన సరదా మనిషి. 1917 వసంతంలో దానికి 'ఎన్‌సెఫలైటిస్ లెథార్జికా' అని పేరు పెట్టాడు. మనం నిద్రమత్తు మెదడువాపు అనుకోవచ్చు. అదే వసంతంలో ఫ్రాన్సులో క్రూషే అనే వైద్యుడు తాను చూసిన నలభై మంది గురించి ప్రకటించాడు. శత్రుదేశాల వైద్యులు ఒకరి రాతలు ఒకరు చూసుకునే వీలు లేని రోజులవి.

ఎకనమో గొప్పతనం పేరు పెట్టడంలో లేదు. చనిపోయిన రోగుల మెదళ్లు కోసి చూసి, అతి నిద్ర పట్టినవాళ్లకు హైపోథాలమస్ అనే భాగం వెనుక వైపున, నిద్ర పట్టనివాళ్లకు ముందు వైపున దెబ్బ తగిలిందని చూపాడు. నిద్ర అంటే మెదడు ఊరికే ఆరిపోవడం కాదు, నిద్రపుచ్చే చోటూ మేలుకొలిపే చోటూ విడివిడిగా ఉన్నాయని అతను ఊహించాడు. దశాబ్దాల తర్వాతి పరిశోధన ఆ ఊహను బలపరిచింది. ఆ జబ్బు 1920ల చివరికి దాదాపు మాయమైంది. పది లక్షల మందికి వచ్చిందనీ, అందులో సగం మంది చనిపోయారనీ సాధారణంగా చెప్పే అంచనా.

ఇక్కడ తొందరపడకూడదు. నిద్రమత్తు జబ్బుకు 1918 ఫ్లూయే కారణమని ఆ రోజుల్లో చాలామంది నమ్మారు, ఇప్పటికీ కొన్ని పుస్తకాలు అలాగే రాస్తాయి. వియన్నా రోగులు ఆ మహా జ్వరం కంటే ముందే వచ్చారన్నది మొదటి చిక్కు. భద్రపరిచిన పాత మెదడు ముక్కల్లో ఫ్లూ వైరస్ ఆనవాళ్ల కోసం 2001లో వెతికితే దొరకలేదన్నది రెండోది. ఒంటి రక్షణ వ్యవస్థే పొరబడి మెదడు మీద తిరగబడి ఉంటుందని 2004లో లండన్ వైద్యులు కొన్ని ఆధారాలు చూపారు. కారణం ఇంకా తేలలేదు. కానీ ఫ్లూ తర్వాత మనసు చెదిరిందని చెప్పడానికి నిద్రమత్తు జబ్బుతో అవసరమే లేదు. బోస్టన్‌లో కార్ల్ మెనింజర్ అనే యువ వైద్యుడు 1919లో ఫ్లూ తర్వాత మతి చెడిన నూరుమందిని పరిశీలించి రాశాడు. వాళ్లలో సుమారు మూడో వంతు మందికి అప్పటి వైద్యం నయంకాని పిచ్చి అని ముద్ర వేసింది. కొన్నేళ్ల తర్వాత మళ్లీ చూస్తే వాళ్లలో చాలామంది బాగయ్యారు. అంటే తప్పు మనుషుల్లో లేదు, ముద్రలో ఉంది. నార్వేలో పాత ఆస్పత్రి లెక్కలు తిరగేసిన పరిశోధకుడికి, ఫ్లూ వల్ల మతి చెడిందని మొదటిసారి చేర్చుకున్నవాళ్ల సంఖ్య 1918 తర్వాతి ఆరేళ్లలో సగటున ఏడు రెట్లు పెరిగినట్టు కనిపించింది.

1919 ఏప్రిల్‌లో పారిస్ శాంతి చర్చల మధ్యలో అమెరికా అధ్యక్షుడు విల్సన్‌కు ఫ్లూ తగిలింది. లేచాక మనిషి మారిపోయాడని దగ్గరివాళ్లు రాశారు. ఇంటి నౌకర్లంతా ఫ్రెంచి గూఢచారులనేవాడట. గదిలో కుర్చీలూ బల్లలూ ఎవరో మార్చారని గొడవ పెట్టేవాడట. అది ఫ్లూ పనా, ఆ అక్టోబరులో పడగొట్టిన పక్షవాతానికి ముందు సూచనా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నా ఆసక్తి వాదనలో లేదు. ఒక పాలకుడి గదిలో కుర్చీల సంగతి నూరేళ్ల తర్వాత కూడా మనకు తెలుసు.

మన దేశం సంగతి చూడండి. 1918 జూన్‌లో బొంబాయి రేవు దగ్గర కాపలా కాసిన పోలీసు సిపాయిలు మొదట ఆస్పత్రిలో చేరారు. సెప్టెంబరు నుంచి రెండో కెరటం. వానలు ఎగ్గొట్టిన ఏడాది అది. చనిపోయినవాళ్లు ఒక కోటి ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల దాకా అని రకరకాల అంచనాలు. వలస ప్రభుత్వం లెక్కలు తీసిన దశాబ్దాలన్నిటిలోకీ దేశ జనాభా తగ్గింది 1911-21 మధ్య ఒక్కసారే. నిజాం రాజ్యంలో ఒక కోటి 33 లక్షల జనాభా పదేళ్లలో ఒక కోటి 24 లక్షలకు దిగింది. కరువూ ప్లేగూ కూడా అందులో భాగస్వాములే. బొంబాయి నగరంలో ఫ్లూ చావులు యూరోపియన్లలో వెయ్యికి 8.3 అయితే నిమ్న కులాలుగా లెక్కగట్టిన హిందువుల్లో 61.6. ఈ రెండంకెలు పక్కపక్కన పెడితే వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇవన్నీ చావుల అంకెలు. జ్వరం దిగి, లేచి నిలబడి, మనిషి మాత్రం పూర్తిగా తిరిగి రానివాళ్లకు ఈ దస్తరంలో గడి లేదు. శవాన్ని లెక్కపెట్టే గుమస్తా ఉన్నాడు, శిస్తు లెక్కపెట్టే గుమస్తా ఉన్నాడు, నాగలి పట్టిన చెయ్యి ఎందుకు ఆగిందో రాసుకునే గుమస్తా లేడు. పైపెచ్చు ఈ దేశపు కూలీ సహజంగానే సోమరి అని దొరలు ముందే తీర్మానించి ఉన్నారు. ఆ తీర్మానం ఉన్నచోట జబ్బు కనబడదు.

సాహిత్యం రాసుకోలేదా అంటే, కొంత రాసుకుంది. హిందీ కవి నిరాలా ఆ జ్వరంలో భార్యనూ ఇంట్లో మరికొందరినీ పోగొట్టుకున్నాడు. శవాలతో నిండిన గంగను 1939లో వచ్చిన 'కుల్లీ భాట్'లో తలుచుకున్నాడు. అదే ఏడాది అమెరికాలో కేథరిన్ ఆన్ పోర్టర్ 'పేల్ హార్స్, పేల్ రైడర్' వేసింది. డెన్వర్‌లో ఆమె 1918లో చావు దాకా వెళ్లి వచ్చింది. ఆ పెద్ద కథలో జ్వరం దిగిన కథానాయికకు లోకం రంగు పోయినట్టు కనిపిస్తుంది, బతికించినందుకు సంతోషించలేకపోతుంది. వర్జీనియా వుల్ఫ్ 1926లో 'ఆన్ బీయింగ్ ఇల్' అనే వ్యాసంలో, ప్రేమకూ యుద్ధానికీ ఉన్నంత చోటు సాహిత్యంలో జబ్బుకు ఎందుకు లేదని నిలదీసింది. మా తరం విమర్శకులు వుల్ఫ్‌ను మంచం మీది మధ్యతరగతి రచయిత్రి అని పక్కన పెట్టారు. నేనూ పెట్టాను. మంచం లేనివాళ్ల జబ్బు గురించి ఆమె రాయలేదు నిజమే. మంచం లేనివాళ్ల జబ్బు గురించి రాసిన కథ వస్తే మేమేం చేశామో పైన చెప్పాను.

పిల్లల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే ముద్ర వేయడం ఎంత సులువో అక్కడ తెలుస్తుంది. నిద్రమత్తు జబ్బు నుంచి బతికిన పిల్లల్లో చాలామంది తెలివి చెడకుండానే ప్రవర్తన మారిపోయింది. రాత్రి నిద్రపోరు. దొంగతనాలు, కొట్లాటలు, తమను తాము గాయపరచుకోవడం, ఆ తర్వాత ఆపుకోలేకపోయామని ఏడవడం. ఇంగ్లండు, వేల్స్‌లలో 1924 ఒక్క ఏడే ఐదు వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. బడివాళ్లు వద్దన్నారు, కోర్టులు నేరస్తులన్నాయి. లండన్ ఉత్తరాన వించ్‌మోర్ హిల్‌లో ఈ పిల్లలకోసం 1925లో ప్రత్యేక విభాగం తెరిచారు. 1927లో మానసిక లోపాల చట్టాన్నే సవరించి, పుట్టుకతో కాక జబ్బువల్ల వచ్చిన లోపాన్ని కూడా అందులో చేర్చవలసి వచ్చింది. చెడ్డతనం నెత్తురులో ఉంటుందని గట్టిగా వాదించే రోజుల్లో, నిన్నటిదాకా బుద్ధిగా ఉన్న పిల్లవాడు ఒక జ్వరంతో మారిపోవడం ఆ వాదనకు పెద్ద చిక్కే తెచ్చింది. ఆ చిక్కును కూడా ఎక్కువమంది చట్టంలో సర్దేసి ఊరుకున్నారు.

పెద్దవాళ్లలో కొందరు బాగయ్యామనుకున్నారు. కొన్నేళ్లకు, కొందరికి ఇరవై ఏళ్లకు, ఒళ్లు బిగుసుకుపోయింది. వణుకు, నడక ఆగిపోవడం, చివరికి రాయిలా కూర్చుండిపోవడం. ఆస్పత్రుల వెనుక వార్డులు వీళ్లతో నిండాయి. న్యూయార్క్ బ్రాంక్స్‌లోని ఒక ఆస్పత్రిలో ఇలాంటివాళ్లు సుమారు ఎనభై మంది నలభై ఏళ్లుగా ఉండగా, 1966లో ఆలివర్ శాక్స్ అనే కుర్ర వైద్యుడు అక్కడ చేరాడు. 1969లో వాళ్లకు ఎల్-డోపా అనే మందు ఇచ్చాడు. కూర్చున్నవాళ్లు లేచారు, మాట్లాడారు, పాడారు. 'రోజ్' అని మారుపేరు పెట్టిన ఒకావిడ 1926లో జబ్బుపడింది. లేచాక ఆ రోజుల పాటలే పాడింది, ఆ రోజుల మనుషుల గురించే వర్తమానంలో మాట్లాడింది. ఏడాది 1969 అని తెలుసు, 1926 అనిపిస్తోంది అన్నది ఆమె చెప్పిన భావం. కొన్ని వారాలకే మందు వికటించింది, ఆమె మళ్లీ బిగుసుకుపోయింది. చాలామంది కథ ఇంతే. శాక్స్ ఈ సంగతులు వైద్య పత్రికకు ఉత్తరంగా రాస్తే తోటి వైద్యులు కోపగించుకున్నారు. అప్పుడతను పట్టికలు వదిలి ఒక్కొక్క మనిషి కథా విడివిడిగా చెప్పాడు. 1973లో వచ్చిన 'అవేకెనింగ్స్' అదే. 1990లో సినిమా కూడా అయింది.

ఎల్-డోపా దగ్గర ఆగాలి, ఎందుకంటే దాని దారి మన పొలం గట్ల మీదుగా పోతుంది. దురదగొండి అందరికీ తెలిసిందే, బడికి పోయే రోజుల్లో దాని కాయ నూగు తోటివాడి మెడ మీద రాయని మగపిల్లవాడు ఊళ్లో ఉండడు. ఆయుర్వేదంలో దాని పేరు కపికచ్ఛువు. మద్రాసు విశ్వవిద్యాలయంలో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు 1937లో ఆ గింజల నుంచి ఎల్-డోపాను వేరుచేసి ప్రకటించారు. అది మెదడుకు ఎలా పనికొస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్ల తర్వాత, 1957లో, స్వీడన్‌లో అర్విద్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఎక్కించి కదలకుండా చేసి, డోపా ఎక్కించి తిరిగి లేపాడు. ఆ రిసర్పిన్ మన సర్పగంధి వేరులోది. నిశ్చలం చేసిన మందూ లేపిన మందూ రెండూ మన నేలమీద పెరిగే మొక్కల్లో ఉన్నవే. దీన్ని పట్టుకుని అన్నీ మన శాస్త్రాల్లోనే ఉన్నాయని ఊరేగేవాళ్లకు నేనేమీ సాయం చేయడం లేదు. గింజను అరగదీసి పరీక్షించినవాళ్లు మద్రాసులో ఒక ప్రయోగశాలలో పనిచేశారు, భక్తితో కాదు.

మళ్లీ మన కాలానికి. 2020 మేలో ఎలీసా పెరేగో అనే ఇటాలియన్ పురావస్తు పరిశోధకురాలు తన జబ్బు తగ్గకపోవడం గురించి రాస్తూ 'లాంగ్ కోవిడ్' అన్నది. రోగం పేరును వైద్యులు కాక రోగులు పెట్టి, వైద్యుల చేత ఒప్పించిన సందర్భం నాకు తెలిసి ఇంకోటి లేదు. 2021లో అచ్చయిన ఒక అధ్యయనం కోవిడ్ వచ్చిన రెండు లక్షల 36 వేల మంది ఆస్పత్రి దస్తరాలు చూసి, ఆరు నెలల్లోపు మూడో వంతు మందికి నాడీ సంబంధమైనదో మానసికమైనదో ఏదో ఒక జబ్బు నమోదైందని చెప్పింది. అందులో పాత జబ్బులు తిరగబెట్టినవీ ఉన్నాయి. 2022లో బ్రిటన్‌లో 785 మంది మెదడు చిత్రాలను రెండేసి సార్లు తీసిన వాటితో పోల్చారు. వాళ్లలో 401 మందికి రెండు చిత్రాల మధ్య కోవిడ్ వచ్చింది. వాసనకూ జ్ఞాపకానికీ సంబంధించిన చోట్ల వాళ్ల మెదడు పొర కొద్దిగా, రాని వాళ్ల కంటే ఎక్కువగా, పలచబడింది. చాలామందికి వచ్చింది తేలికపాటి జబ్బే.

వైరస్ మెదడులోకి వెళ్లకపోతే ఇదెలా? అదే ఏడాది మిషెల్ మోంజే బృందం ఎలుకల మీద చూపింది ఇది. వైరస్‌ను శ్వాసనాళాలకే పరిమితం చేశారు, తేలికగా వచ్చి పోయేలా చేశారు. అయినా ఊపిరితిత్తుల్లో మొదలైన రక్షణ పోరాటం తాలూకు రసాయనాలు నెత్తుటి ద్వారా మెదడుకు కబురు చేరవేశాయి. మెదడులో కాపలా కాసే మైక్రోగ్లియా అనే కణాలు రెచ్చిపోయాయి, నాడీతంతువులకు తొడుగు అల్లే కణాలు తగ్గాయి. తొడుగు పలచబడితే కబురు నెమ్మదిస్తుంది. ఫ్లూ ఎక్కించిన ఎలుకల్లోనూ ఇలాంటి మార్పులు కొన్ని కనబడ్డాయి. శత్రువు ఊరి పొలిమేర దాటలేదు, ఊరి కాపలాదారే ఇళ్లు తగలబెట్టాడు.

నాకు మాటలు చాలావరకు తిరిగొచ్చాయి. పోయిన ఏడాది ఆ రచయిత్రికి ఫోన్ చేశాను. ముప్పై ఏళ్ల తర్వాత నా గొంతు విని ఆవిడ ఏమనుకున్నారో గాని, మర్యాదగానే మాట్లాడారు. 1957 మే నెలలో ఆసియా ఫ్లూ మద్రాసు రేవులో దిగి దేశమంతా పాకిందని నేను చదివి తెలుసుకున్న సంగతి చెప్పాను. "అది నాకు తెలియదండీ. అది మా అమ్మ కథ. ఆ జ్వరానికి ముందు ఊళ్లో నాటు లెక్కలన్నీ అమ్మే చెప్పేది, మేస్త్రీ కూడా ఆవిణ్ణే అడిగేవాడు," అన్నారు. ఆ వాక్యం కథలో ఎందుకు రాయలేదని అడిగాను. రాశారట. మేస్త్రీ కూలి మనిషిని లెక్క అడగడం అసహజంగా ఉందని, అచ్చుకు ముందు చదివిన పెద్దలొకరు కొట్టేయించారట.

ఆ పెద్దలెవరో నేను అడగలేదు. రాతప్రతి నా దగ్గరికి కూడా వచ్చింది.